చారడేసి కళ్ళు, మేనరికపు మాట

పల్నాటి పల్లెలలో చంటిబిడ్డకు పెద్ద కళ్ళుంటే చూడవచ్చిన అమ్మలక్కలు "చారడేసి కళ్ళమ్మా!" అని ముచ్చటపడి, దిష్టి తగలకుండా మెటికలు విరిచి పోతారు. చాలా ఇళ్ళలో ఆ ముచ్చట న్యాయమైనదే. కాని ఆ కళ్ళు నెలనెలకు ఇంకా పెద్దవవుతూ, వాకిట్లోకి ఎత్తుకొని రాగానే బిడ్డ రెప్పలు బిగించి మొగం తల్లి భుజంలో దాచుకొంటూ, పుసి లేకుండా నీరు మాత్రం ధారగా కారుతూ, నల్లగుడ్డు మీద ఆవిరి పట్టిన అద్దం వలె మసక కమ్ముతూ ఉంటే అది అందం కాదు, జబ్బు. పుట్టుకతో వచ్చే నీటికాసులు, అనగా గ్లకోమా అది. కంటిలో ఊరే ద్రవం బయటికి పోయే దారి సరిగా ఏర్పడనందువలన లోపల ఒత్తిడి పెరుగుతుంది. పసితనంలో కంటిగోడ మెత్తగా ఉంటుంది గనుక సాగిపోయి గుడ్డు పెద్దదవుతుంది. పాశ్చాత్య వైద్యులు దీనికి గ్రీకు భాష నుండి ఎద్దుకన్ను అనే అర్థం వచ్చే పేరు తెచ్చుకొన్నారు.

నరసరావుపేటలోగాని, మాచర్లలోగాని, గురజాలలోగాని ఇటువంటి బిడ్డకు చూపు లేదని ఒకటి రెండేండ్లకు తేలినప్పుడు చదువుకొన్నవారి నోట వచ్చే మొదటి మాట ఒక్కటే: "మేనరికం గదా!" సైన్సు ఉపాధ్యాయుడూ అదే అంటాడు, ఆరోగ్యశాఖ ఉద్యోగీ అదే అంటాడు, బస్సులో పక్క సీటులో కూర్చున్న పెద్దమనిషీ అదే అంటాడు. ఈ మాట అబద్ధం కాదు. అయితే ఇందులో నిజం ఎంతవరకు ఉన్నది, దీని వలన ఆ బిడ్డకు జరిగిన మేలేమిటి అని ఎవరూ విచారించినట్లు కనపడదు. ఆ విచారణ అవసరం.

పూర్వం ఈ స్థానంలో గ్రహణం ఉండేది. పై పెదవి చీలి పుట్టిన బిడ్డకు గ్రహణమొర్రి అన్న పేరు తెలుగులో స్థిరపడటానికి ఆ నమ్మకమే మూలం. కంటిలోపానికి కూడా, కడుపుతో ఉన్న తల్లి గ్రహణం చూచిందనే నింద వేసేవారు, ఇప్పటికీ వేసేవారున్నారు. గ్రహణం స్థానంలో జన్యుశాస్త్రం రావటం గొప్ప మార్పే. కాని వాడుకలో ఆ శాస్త్రం చేస్తున్న పని పాతదే: తప్పు ఎవరిదో తేల్చి ఊరుకోవటం. ఇంతకు ముందు తల్లిని ఒక్కదానినే అనేవారు. ఇప్పుడు ఆమెతోపాటు ఆమె పుట్టింటివారిని, పెండ్లి కుదిర్చిన పెద్దలను కూడా అంటున్నారు.

ముందుగా ఇందులోని నిజం చూడవలె. ప్రతి జన్యువుకు బిడ్డలో రెండు ప్రతులుంటాయి, ఒకటి తండ్రి నుండి, ఒకటి తల్లి నుండి. అంతర్గత లక్షణంగా వచ్చే జబ్బులలో ఒక ప్రతి చెడినా రెండవది పని నడుపుతుంది; రెండూ చెడితేనే జబ్బు బయటపడుతుంది. పుట్టు గ్లకోమాలో అధికభాగం ఇటువంటిదే. రెండవ క్రోమోసోముపై ఉన్న సి.వై.పి.1.బి.1 అనే జన్యువు చెడటం ఈ జబ్బుకు కారణమవుతున్నదని 1997లో తేలింది. తరువాత హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ శాస్త్రజ్ఞులు మన కుటుంబాలలోనూ ఈ జన్యువులోని మార్పులను గుర్తించారు. పుట్టుకతోనే కార్నియా పాలగాజు వలె తెల్లబడే మరొక జబ్బు ఉన్నది. అది చూపులకు గ్లకోమాను పోలి వైద్యులనే తికమక పెడుతుంది. దాని జన్యువు 2006లో బయటపడింది. అదీ అంతర్గతమే.

అక్క కూతురిని పెండ్లాడిన దంపతుల బిడ్డలో ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వికుని నుండి దిగివచ్చినవి కావటానికి అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త బిడ్డ, మేనమామ బిడ్డ పెండ్లాడితే పదహారింట ఒకటి. ఆ పూర్వికునిలో ఒక చెడ్డ ప్రతి గుప్తంగా ఉండి ఉంటే, అది రెండు దారులలో నడచి వచ్చి ఈ బిడ్డలో తనను తానే కలుసుకొంటుంది. తెలుగుదేశంలోని ఈ వివాహాలను శాస్త్రీయంగా లెక్కించినవారిలో మొదట చెప్పుకోదగినవారు ద్రోణంరాజు కృష్ణ, మీరా ఖాన్. ఇంగ్లండు విడిచి 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్ ప్రోత్సాహంతో వారు చేసిన పరిశీలనలు 1960 నుండి శాస్త్రపత్రికలలో వచ్చాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఈ సంబంధాలను నిషిద్ధాల జాబితాలో చేర్చుతూనే, ఆచారం ఉన్నచోట చెల్లుతాయని వదిలిపెట్టింది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగింట ఒక వివాహం రక్తసంబంధీకుల మధ్యనే జరిగినట్లు తేలింది.

ఇంతవరకు నిజం. ఇక దీనిని నినాదంగా మార్చినప్పుడు వచ్చిన చిక్కు చూడవలె. "మేనరికం చేసికొంటే గుడ్డిపిల్లలు పుడతారు" అని బడిలో చెప్పి పంపితే, పిల్లవాడు ఇంటికి వెళ్ళి ఆ మాట అమ్మమ్మకు చెపుతాడు. ఆమె నవ్వి, "మా అమ్మది మేనరికం, నాది మేనరికం, మీ పెద్దమ్మది మేనరికం. ఎవరికేమయిందిరా?" అంటుంది. ఆ ముసలామె తెలివితక్కువగా మాట్లాడలేదు. ఆమె కళ్ళెదుట ఉన్న సాక్ష్యం అదే.

లెక్క వేసి చూస్తే ఇద్దరి మాటా ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. బంధుత్వం లేని దంపతుల బిడ్డలలో 10,000 మందికి ఒకరికి వచ్చే అంతర్గత జబ్బు ఒకటి ఉన్నదనుకొందాం. అంటే చెడ్డ ప్రతి నూటికి ఒకటి చొప్పున జనంలో తిరుగుతున్నదన్నమాట. మేనత్త మేనమామ బిడ్డల పెండ్లిళ్ళలో అదే జబ్బు 10,000 మందికి సుమారు 7గురికి వస్తుంది. మేనమామ-మేనకోడలు పెండ్లిళ్ళలో సుమారు 13 మందికి వస్తుంది. ఏడింతలు, పదమూడింతలు! శాస్త్రజ్ఞుడు చూచేది దీనిని. కాని ఆ 10,000 మందిలో 9,987 మందికి ఆ జబ్బు రాలేదు. అమ్మమ్మ చూచేది దీనిని. ఇది ఒక్క జబ్బు లెక్క మాత్రమే, ఇటువంటివి అనేకం గనుక మొత్తం మీద ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో వేలకొలది బిడ్డలను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పుట్టులోపాలు సామాన్యంగా నూటికి మూడు ఉండగా దగ్గరి చుట్టరికపు పెండ్లిళ్ళ బిడ్డలలో ఆరు ఉన్నాయి. నూటికి ఆరు తక్కువేమీ కాదు. అయినా మిగిలిన 94 మంది ఆరోగ్యంగా తిరుగుతున్న వీధిలో, తప్పకుండా గుడ్డిపిల్లలు పుడతారన్న మాటకు విలువ ఉండదు. అతిశయోక్తి చెప్పిన ఉపాధ్యాయుని మీద నమ్మకం పోతే, ఆయన చెప్పిన నిజం మీద కూడా పోతుంది.

దీనికి ఇంకొక అంచు ఉన్నది. మేనరికం చేసికోనివారు తమకేమీ కాదని ధీమాగా ఉంటారు. ఆ ధీమాకు ఆధారం లేదు. కంటిలో పుట్టే క్యాన్సరు రెటినోబ్లాస్టొమా ఉన్నది. దీపపు వెలుగులో కనుపాప పిల్లికన్ను వలె తెల్లగా మెరుస్తుంది. అధికంగా అయిదేండ్ల లోపు పిల్లలకు వస్తుంది. పదమూడవ క్రోమోసోముపై ఉన్న జన్యువు చెడటం వలన వచ్చే ఈ జబ్బు వంశంలో నడిచినప్పుడు బహిర్గత లక్షణంగా నడుస్తుంది. చాలామందిలోనైతే తల్లిదండ్రులిద్దరూ నిర్దోషులై ఉండగా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. మేనరికంతో దీనికి నిమిత్తం లేదు. డౌన్ సిండ్రోము పిల్లలలో శుక్లం, మెల్లకన్ను తరచుగా కనపడతాయి. దానికీ మేనరికం కారణం కాదు. లోవ్ సిండ్రోములో మగబిడ్డలు రెండు కళ్ళలో శుక్లంతో పుడతారు, మూత్రపిండాలూ మందగిస్తాయి. అది తల్లి తాలూకు ఎక్స్ క్రోమోసోము ద్వారా వచ్చేది, తండ్రి ఏ ఊరివాడైనా ఒకటే.

కారణం ముందే తెలిసిపోయిందనుకొంటే ఎంత నష్టమో చెప్పటానికి నార్మన్ గ్రెగ్ కథను మించినది లేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో నేత్రవైద్యుడాయన. 1941లో ఆయన వద్దకు శుక్లంతో పుట్టిన పసిబిడ్డలు ఒకరి వెంట ఒకరుగా రాసాగారు. పుట్టు శుక్లమంటే వంశపు దోషమని అనుకొనే రోజులవి. అదే మాట చెప్పి పంపివేస్తే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. వెలుపల వేచివున్న తల్లులు, కడుపుతో ఉన్నప్పుడు తమకు రుబెల్లా జ్వరం వచ్చిందని మాట్లాడుకోవటం ఆయన చెవిని పడిందట. విచారించగా 78 మంది బిడ్డలలో 68 మంది తల్లులకు ఆ జ్వరం వచ్చినట్లు తేలింది. జన్యువులకు సంబంధంలేని ఆ శుక్లాన్ని టీకాతో ఆపవచ్చు. భారతదేశంలో తట్టు-రుబెల్లా టీకా ప్రచారం 2017లో ఆరంభమైంది. పల్నాడులో పుట్టు శుక్లంతో ఉన్న ప్రతి బిడ్డకు "మేనరికం గదా!" అని ముద్ర వేసేవారు గ్రెగ్ గదిలో కూర్చొని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇక అసలు విషయానికి రావలె. ఈ జబ్బులలో కొన్నింటికి కాలమే ప్రాణం, అదీ వారాల లెక్కన. ఎందుకని? డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీసెల్ అనే శాస్త్రజ్ఞులు 1960 ప్రాంతాలలో పిల్లికూన ఒక కంటి రెప్పలను పుట్టిన కొద్ది రోజులకే మూసికుట్టి, రెండు మూడు నెలల తరువాత విప్పారు. కన్ను నిక్షేపంగా ఉన్నది, కాని చూపు లేదు. ఆ కంటి నుండి వచ్చే వార్తను అందుకోవలసిన మెదడు కణాలు ఆ పని మరచిపోయాయి, సరిగా చెప్పాలంటే నేర్చుకోనే లేదు. పెద్దపిల్లికి అదే విధంగా కుట్టి విప్పితే చూపు చెడలేదు. 1981లో వీరికి నోబెల్ బహుమతి లభించింది. చంటిబిడ్డ కంటిలో దట్టమైన శుక్లం చేసేది ఈ కుట్టుపనే. ముసలివారి శుక్లం ఆరునెలలు ఆలస్యంగా తీసినా చూపు వస్తుంది. పుట్టు శుక్లాన్ని మొదటి ఆరు, ఎనిమిది వారాలలో తీయగలిగితే మంచి చూపునకు ఆశ ఉంటుంది. రెండేండ్లకు తీస్తే కన్ను బాగుపడుతుంది గాని అంత మంచి చూపు రావటం కష్టం.

గ్లకోమా సంగతీ అంతే. చుక్కల మందుతో తీరేది కాదు, శస్త్రచికిత్స చేసి ద్రవానికి దారి ఏర్పరచవలె. త్వరగా చేస్తే ఎందరో పిల్లలు బడికి వెళ్ళగల చూపుతో పెరుగుతారు. ఒత్తిడికి నలిగి చచ్చిన కంటినరాన్ని మాత్రం ఎవరూ బ్రతికించలేరు. ఆ విలువైన నెలలలో ఇళ్ళలో జరుగుతున్నది ఏమిటంటే చంటిపాలు పిండటం, ఆముదం రాయటం. కంట నీరు కారే పసిబిడ్డలలో అత్యధికులకు కన్నీటి నాళం మూసుకొని ఉండటమే కారణం, అది దానంతటదే తెరుచుకొంటుంది. ఆ కారణంగానే అసలు జబ్బు కూడా అందులో కలిసిపోతున్నది. వెలుతురుకు భయపడటం, నల్లగుడ్డు మసకబారటం తోడైతే ఒక్కరోజు కూడా ఆగరాదు.

గాలాక్టోసీమియా మరింత విచిత్రమైనది. పాలలోని చక్కెర నుండి వచ్చే గాలాక్టోస్‌ను విరగగొట్టే ఎంజైము బిడ్డలో ఉండదు. అది కంటి కటకంలో చేరి వేరొక పదార్థంగా మారి, నీటిని గుంజుకొంటుంది. కటకం ఉబ్బి మసకబారుతుంది. తల్లిపాలు, ఆవుపాలు, గేదెపాలు అన్నీ ఈ బిడ్డకు విషమే. తొలి వారాలలో గుర్తించి పాలు మాన్పి సోయా ఆహారం పెడితే, అప్పుడప్పుడే మొదలైన శుక్లం కత్తి పెట్టకుండానే వెనుకకు తగ్గవచ్చు. ఇంత తేలికగా చూపు నిలబెట్టగల చోట కారణం గురించి ఉపన్యాసమిచ్చి కాలం గడపటం ఎంత అన్యాయం!

అన్నింటికీ చికిత్స ఉన్నదని చెప్పటం కూడా తగదు. లెబర్ పుట్టు అంధత్వం అనే రెటీనా జబ్బులో కన్ను చూడటానికి చక్కగానే ఉంటుంది. బిడ్డ మాత్రం మాటిమాటికి వేళ్ళతో, పిడికిళ్ళతో కనుగుడ్లను నొక్కుకొంటూ ఉంటుంది. పెద్దలు దురదనుకొంటారు. దీనికి మూలమైన అనేక జన్యువులలో ఒక్కదానికి మాత్రం 2017 డిసెంబరులో అమెరికాలో జన్యుచికిత్సకు అనుమతి లభించింది. రెండు కళ్ళకు కలిపి మొదట ప్రకటించిన ధర 8,50,000 డాలర్లు! బార్డెట్-బీడెల్ సిండ్రోములో ఆరవ వేలు, స్థూలకాయం, ఏడెనిమిదేండ్లకు రేచీకటి కలిసి వస్తాయి. ఆరవ వేలు అదృష్టమని మురిసిపోవటం మనవారికి అలవాటు. ఆరు వేళ్ళున్నవారిలో అత్యధికులకు కంటిజబ్బు ఏదీ ఉండదు కూడా. అయితే ఆ పిల్లవాడే సాయంకాలం ఆటలో తడుముకొంటుంటే 'ఎ' విటమిను ద్రావకం పోసి ఊరుకోరాదు. విటమిను లోపపు రేచీకటి దానికి లొంగుతుంది, ఇది లొంగదు. వర్ణకం లేక తెల్లగా పుట్టిన పిల్లలకు పల్నాటి ఎండలో కళ్ళు తెరవటమే కష్టం. వారికి నల్లకళ్ళద్దాలు, టోపీ, బడిలో ముందు వరుస, పెద్ద అచ్చు కావలె. వీటిలో ఏదీ మేనరికపు మాట ఎత్తినందువలన సమకూరదు.

పాఠ్యగ్రంథాల లోపం ఇక్కడ స్పష్టంగా కనపడుతుంది. పదవ తరగతి విద్యార్థి వంశపారంపర్యాన్ని జీవశాస్త్రంలో, బఠాణీ మొక్కల మీద చదువుతాడు. కంటిని కాంతి పాఠంలో, కటకపు బొమ్మగా చదువుతాడు. పొడుగు మొక్కలు మూడు, పొట్టిది ఒకటి అని చక్కగా వ్రాస్తాడు. ఆ మూడు-ఒకటి నిష్పత్తే తన పినతల్లి ఇంట్లో నడుస్తున్నదని అతనికి తట్టదు, తట్టేటట్లు పాఠం ఉండదు. ఈ రెండు పాఠాలను కలిపి ఒక గంట చెప్పటానికి ఉపాధ్యాయునికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ప్రభుత్వ కార్యక్రమాలకూ ఈ విమర్శ వర్తిస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమం నిజంగా మంచి ఏర్పాటు. కాన్పు జరిగిన చోటనే బిడ్డను పరీక్షించటం, ఆరు వారాల వరకు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడటం, తరువాత అంగన్‌వాడీలోను బడిలోను వైద్యబృందం చూడటం అందులో ఉన్నాయి. అప్పుడు ప్రకటించిన 30 పరిస్థితుల పట్టికలో పుట్టులోపాలు తొమ్మిది. కంటికి సంబంధించినవి రెండు: పుట్టు శుక్లం, నెలలు నిండని బిడ్డల రెటీనా జబ్బు. చూపు లోపమన్న సామాన్యమైన మాట మరొకచోట ఉన్నది గాని, పుట్టు గ్లకోమా పేరు లేదు, రెటినోబ్లాస్టొమా పేరు లేదు. పాశ్చాత్య దేశాలలో పుట్టు గ్లకోమా 10,000 జననాలకు ఒకటి, లేక ఇంకా తక్కువ అని లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 3,300 జననాలకు ఒకటని, బాలల అంధత్వంలో నూటికి నాలుగు వంతులు దీని వలననేనని అంచనా వేసినవారు ఎల్.వి. ప్రసాద్ సంస్థవారే. దేశమంతటికీ ఒకే పట్టిక వేసినప్పుడు ఇటువంటివి జారిపోవటం సహజం. కాని పట్టికలో పేరు లేని జబ్బును వెదికి పట్టే ఉద్యోగి ఎక్కడైనా అరుదే. 2019 అక్టోబరు 10న ఆరంభమైన కంటివెలుగు పథకం బడిపిల్లలతో మొదలైంది. అక్షరాల పటం చదివించి కళ్ళజోళ్ళు ఇవ్వటం ఎంతో మేలైన పని. అయితే పటం చదవగల వయస్సు వచ్చేసరికి ఇక్కడ చెప్పుకొన్న జబ్బులలో అనేకం తమ పని ముగించి ఉంటాయి.

రాష్ట్రంలోని ఆరు అంధుల పాఠశాలలలో పిల్లలను పరీక్షించి 2000లో ప్రకటించిన ఫలితాలలో దాదాపు మూడవ వంతు మందికి వంశపారంపర్య కారణం కనపడింది. అంతకంటె ఎక్కువ మందికి కారణమే తేలలేదు. దాదాపు సగం మంది అంధత్వం నివారించదగినదో, చికిత్సకు లొంగేదో అయి ఉన్నది. వంశపు జబ్బు, నివారించరాని జబ్బు ఒకటేనన్న భ్రమకు ఈ అంకెలే జవాబు.

మేనరికపు మాటకు సరియైన ఉపయోగం ఒకటున్నది. గురజాలలో ఒక ఇంట పుట్టు గ్లకోమాతో ఒక బిడ్డ ఉన్నదనుకొంటే, అదే దంపతులకు పుట్టబోయే ప్రతి బిడ్డకు ఆ జబ్బు రావటానికి నాలుగింట ఒక వంతు, రాకుండటానికి మూడు వంతులు అవకాశం ఉన్నది. ఆ కుటుంబంలోనే మేనరికం చేసికొన్న పినతల్లి, మేనమామల బిడ్డలకు అంతకన్న తక్కువే గాని ప్రమాదం లేకపోలేదు. పెండ్లి జరిగి పదేండ్లయిన తరువాత ఆ పెండ్లిని తప్పుపట్టి లాభం లేదు. ఆ ఇంట తరువాత కాన్పు ఏ నెలలో ఉన్నదో అడిగి వ్రాసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లా అయినది గాని, మాచర్ల నుండి గుంటూరు ఇప్పటికీ వంద కిలోమీటర్ల పైమాటే. పసికందుకు మత్తు ఇచ్చి కంటికి శస్త్రచికిత్స చేయగల పెద్ద ఆసుపత్రులు ఆ దిక్కుననో, విజయవాడ, హైదరాబాదులలోనో ఉన్నాయి. కాబట్టి ఆ బిడ్డ పుట్టిన వారంలోనే, కళ్ళు ఎంత చక్కగా కనపడుతున్నా, తల్లి పచ్చి బాలింతరాలయినా, ఆ ప్రయాణం చేయవలసి ఉంటుంది. ఛార్జీలు ఎవరు పెట్టుకోవాలి, తోడు ఎవరు వెళ్ళాలి అన్నవి కాన్పుకు ముందే ఇంటిలో తేల్చుకోవలసిన సంగతులు.